దాతలకూ ఒక పొదుపు సంఘం కావాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

బడులు తెరిచే జూన్ నెలలో మీ జిల్లా పేజీల్లో ఒకే ఫొటో పదిసార్లు కనిపిస్తుంది. ముందు వరసలో నోటు పుస్తకాలు పట్టుకున్న పిల్లలు, వెనక వరసలో వాళ్లకంటే ఎక్కువమంది దాతలు. చలికాలంలో పుస్తకాల చోట దుప్పట్లు, ఎండాకాలంలో చలివేంద్రం కుండలు. ఇచ్చేవారి మనసు మీద మాకు ఏ అనుమానమూ లేదు. కానీ ఆ ఫొటోకు ముందు ఏం చూసుకోవాలో, తర్వాత ఏం చూడాలో ఎవరూ చెప్పడం లేదు. పదిమంది కలిసి ఆలోచించి దానం చేసే చిన్న బృందాలను ఊళ్లో, వీధిలో, ఆఫీసులో ఎలా కట్టుకోవాలో, అవి ఎక్కడ చెడతాయో చెప్పడానికే ఈ ఉత్తరం.

నోటు పుస్తకాల సంగతే ముందు చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులకు కొంత సొమ్ము ఇచ్చి, దాని ఫలితాన్ని రెండేళ్లు కొలిచిన అధ్యయనం 2013లో వెలువడింది. ఆ సొమ్ములో ఎక్కువ భాగం పిల్లల పుస్తకాలు, పలకలు, పెన్నుల వంటి వాటికే పోయింది. మొదటి ఏడాది అది అనుకోకుండా వచ్చింది, పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది బడిలో ఇస్తారని ఇళ్లలో ముందే తెలుసు. తల్లిదండ్రులు తాము కొనడం తగ్గించుకున్నారు, మార్కుల్లో పెరుగుదల కనిపించలేదు. ఇందులో తల్లిదండ్రుల తప్పేమీ లేదు. బడిలో ఇస్తారని తెలిశాక ఎవరు కొంటారు? ఆ మిగిలిన డబ్బు ఇంట్లో ఇంకో అవసరానికి వెళ్తుంది. అంటే దాత చదువుకని ఇచ్చింది కిరాణా కొట్టు బాకీ తీర్చడానికి పనికొచ్చింది. బాకీ తీర్చడం చెడ్డపని కాదు, కాకపోతే ఫొటో కింద రాసింది అది కాదు. పైగా ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే నోటు పుస్తకాలు, సంచి, బూట్లు, బెల్టు కలిపి కిట్టుగా ఇస్తోంది. దాని మీద ఇంకో పుస్తకాల కట్ట ఇస్తే అది బీరువాలోకి పోతుంది.

డొక్కా సీతమ్మ గారు గోదావరి లంకల్లో తన ఇంటి అరుగు మీదే వడ్డించారు. ఎవరు తిన్నారో, ఎవరు ఆకలితో వెళ్లారో చెప్పడానికి ఆమెకు నివేదిక అక్కర్లేదు, ఎదురుగానే కనిపించేది. ఇప్పటి దాత కూకట్‌పల్లిలో కూర్చుని ఉద్దానానికి డబ్బు పంపుతాడు. చూడటానికి కళ్లు లేనిచోట లెక్క కావాలి, ఆ లెక్క ఒక్కడి వల్ల కాదు. ఆ పని పంచుకోవడానికే బృందం.

నమూనా కోసం దూరం పోనక్కర్లేదు. 1990ల్లో సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లాలో రోజుకు రూపాయి చొప్పున మొదలైన పొదుపు ఊరూరా పాకింది. పొదుపు సంఘాల పంచసూత్రాలు మన ఊళ్లలో ఏ అక్కను అడిగినా చెబుతుంది: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సంఘంలోనే అప్పు ఇచ్చుకోవడం, గడువుకు తిరిగి కట్టడం, ఎప్పటికప్పుడు పుస్తకాలు రాయడం. దానం చేసే బృందానికి అప్పులతో పని లేదు. మిగతా మూడూ ఉన్నవి ఉన్నట్టు తీసుకోవచ్చు. చదువుకున్నవాళ్లు పెట్టుకున్న ట్రస్టులు మూడేళ్లకే మూతపడుతుంటే అక్షరం రాని అమ్మలు నడిపిన సంఘాలు పాతికేళ్లు నిలిచాయంటే, అందుకు ఈ సూత్రాలే కారణమని మా అభిప్రాయం.

మొదలుపెట్టేటప్పుడు సంఖ్య పది నుంచి పదిహేను దాటకూడదు. పదిహేను మంది నెలకు వెయ్యి చొప్పున ఇస్తే ఏడాదికి 1,80,000 రూపాయలు. ఆ మొత్తంతో ఒక చిన్న సంస్థకు ఒక క్షేత్ర కార్యకర్త జీతంలో చెప్పుకోదగ్గ భాగం నడుస్తుంది. మొత్తాన్ని తక్కువగానే మొదలుపెట్టాలి. మొదటి సమావేశం ఊపులో ‘నెలకు అయిదు వేలు’ అన్నవారే నాలుగో నెలలో ఫోన్ ఎత్తరు. అందరికీ ఒకే మొత్తం పెడితే జీతం తక్కువున్నవారికి మొహమాటం, ఎక్కువున్నవారికి సులువు. ఆదాయంలో ఒక శాతం అనుకుంటే అందరికీ సమానం. ఈ శాతాల పద్ధతి మనకు కొత్తేమీ కాదు. క్రైస్తవ కుటుంబాల్లో దశమ భాగం ఉంది, ముస్లిం కుటుంబాల్లో దాచుకున్న సంపదలో నలభయ్యో వంతు జకాత్ ఉంది. 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన గివింగ్ వాట్ వి కెన్ సంస్థ సభ్యులు కూడా తమ ఆదాయంలో పదో వంతు ఇస్తామనే మాట ఇస్తారు. ఒక జాగ్రత్త: జకాత్ ఎవరికి చెందాలో దానికి వేరే నియమాలున్నాయి. ఆ సొమ్మును బృందం చందాలో కలపమని ఎవరినీ అడగకూడదు.

జీతగాళ్లయితే ఒకటో తేదీ నుంచి అయిదో తేదీలోపు ఇచ్చేయడం మేలు, పదో తేదీ దాటితే ఇంట్లో డబ్బు నిలవదు. యూపీఐ ఆటోపే (డబ్బు దానంతటదే వెళ్లే ఏర్పాటు) పెట్టుకుంటే 15,000 రూపాయల వరకు ప్రతిసారీ పిన్ కొట్టక్కర్లేదు. అయితే ఖాతాలో నిల్వ లేకపోయినా, బ్యాంకు మార్చినా అది చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది. మూడు నెలలకోసారి ఒకరు సరిచూడాలి. రైతు కుటుంబాలున్న బృందంలో నెలవారీ చందా పెట్టడం తెలివితక్కువ. వడ్లు అమ్మాక, సంక్రాంతి తర్వాత ఏడాదికి ఒక్కసారి తీసుకోవాలి.

ఇక అసలు చిక్కు డబ్బు ఎక్కడ పెట్టాలన్నది. ఎక్కువ బృందాలు ఇక్కడే విరిగిపోతాయి. కోశాధికారి సొంత ఫోన్‌పే నంబరుకు అందరూ వేస్తారు. ఆయన బదిలీ మీద వెళ్తాడు, లేదా జబ్బుపడతాడు, లేదా ఇంకొకరితో మాట పట్టింపు వస్తుంది. ఆయన ఖాతాలోకి ఏడాదిలో వచ్చిన లక్షన్నర గురించి ఆదాయపు పన్ను వాళ్లు అడిగితే చూపడానికి కాగితం ఉండదు. ఇది వద్దనుకుని కొందరు ముందే సొసైటీ రిజిస్టర్ చేయిస్తారు. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురుంటే చాలు, అదేమీ కష్టం కాదు. కానీ ఆ తర్వాత అధ్యక్షుడు, గౌరవాధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, లెటర్‌హెడ్, రబ్బరు స్టాంపు, ఏటేటా ఆడిట్. దానం మొదలయ్యేలోపు ఏడాది గడుస్తుంది.

మేం చెప్పేది మూడో దారి: ఉమ్మడి ఖాతాయే వద్దు. బృందం కలిసి నిర్ణయిస్తుంది, డబ్బు మాత్రం ఎవరి ఖాతా నుంచి వారు నేరుగా ఎంచుకున్న సంస్థకు పంపుతారు. పంపినట్టు స్క్రీన్‌షాట్ గ్రూపులో పెడతారు. దీనివల్ల ఇంకో మేలూ ఉంది. రసీదు ఎవరి పేరు మీద వారికే వస్తుంది. దానానికి ఆదాయపు పన్నులో దొరికే 80జీ మినహాయింపు, ఎక్కడా నమోదు కాని బృందం ఇచ్చే రసీదుకు రాదు, 80జీ నమోదున్న సంస్థ రసీదుకే వస్తుంది. అందులోనూ కొన్ని మెలికలున్నాయి. 2,000 రూపాయలు మించిన నగదు దానానికి మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలు లేదు. సంస్థ ఏడాది దానాల వివరాలను మరుసటి మే 31లోపు పన్ను శాఖకు దాఖలు చేసి, దాతకు ఫారం 10బీఈ (దానం ధ్రువపత్రం) ఇవ్వాలి. అది చేయని సంస్థ ఇచ్చిన రంగుల రసీదు గోడకు తగిలించుకోవడానికే. అందుకే పంపేటప్పుడే పాన్ నంబరు ఇవ్వాలి, జూన్‌లో 10బీఈ అడగాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి సెక్షన్ల, ఫారాల నంబర్లను ఆడిటర్‌ దగ్గర ఒకసారి సరిచూసుకోవాలి.

ఎవరికివ్వాలన్నది ఎలా తేల్చాలి? ప్రతి నెలా ఇద్దరు సభ్యులు ఒక సంస్థను పరిశీలించి సమావేశానికి తేవాలి. కాగితాల పరిశీలన ఒక పూట పని: నీతి ఆయోగ్ దర్పణ్ నంబరు (స్వచ్ఛంద సంస్థల నమోదు), 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ ఉత్తర్వులు, మూడేళ్ల ఆడిట్ నివేదికలు. ఆడిట్‌లో మొదట చూడాల్సింది ఖర్చు కాని సొమ్ము ఎంత మిగిలిందన్నది. రెండేళ్ల ఖర్చుకు సరిపడా ఫిక్స్‌డ్ డిపాజిట్లున్న సంస్థకు మీ వెయ్యి రూపాయలతో పెద్ద పనిలేదు. కాగితాలు సరిగా ఉన్నంత మాత్రాన పని సరిగా జరుగుతున్నట్టు కాదు, అది వేరే పరీక్ష.

చాలామంది అడిగే మొదటి ప్రశ్న ‘ఆఫీసు ఖర్చు ఎంత శాతం?’ అని. ఆ ప్రశ్న దారి తప్పిస్తుంది. దుప్పట్లు టోకున కొని పంచేసే సంస్థకు ఆఫీసు ఖర్చు దాదాపు ఉండదు. పిల్లలకు చదవడం నేర్పే సంస్థ ఖర్చంతా జీతాలే, ఎందుకంటే నేర్పేది మనుషులు. ప్రథమ్ సంస్థ ఏళ్ల తరబడి చేస్తున్న పద్ధతి చూడండి. పిల్లల్ని తరగతిని బట్టి కాక చదవగలిగే స్థాయిని బట్టి జట్లు చేస్తారు: ఏమీ రానివారు, అక్షరం, పదం, పేరా, కథ. రోజూ కాసేపు ఆ జట్టుకు తగ్గ పాఠమే చెబుతారు. 2019లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ఈ పద్ధతిని పదేపదే పరీక్షించి చూశారు. ఇలాంటి సంస్థను మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: మొదట్లో అక్షరాల దగ్గర ఆగిపోయినవారు ఎందరు, నాలుగు నెలల తర్వాత కథ చదువుతున్నవారు ఎందరు? ఆ రెండు అంకెలూ చెప్పగలిగితే ఇవ్వండి. ‘వెయ్యి మంది పిల్లలకు చేరువయ్యాం’ అంటే ఇంకోసారి అడగండి.

రెండో ప్రశ్న: మనం ఇవ్వకపోయినా ఇది జరిగేదేనా? ఆపరేషన్ల కోసం వాట్సాప్‌లో తిరిగే విన్నపాలకు ఇది ముఖ్యం. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలాంటి పథకముంది. పథకంలో చేరిన (నెట్‌వర్క్) ఆసుపత్రిలో రోగులకు దారి చెప్పే ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరికి ఒకరు వెళ్లి అడిగితే ఆ జబ్బు పథకంలో ఉందో లేదో అరగంటలో తెలుస్తుంది. ఉంటే, అసలు కొరత ఇంకోచోట ఉంటుంది: రోగి పక్కన ఉండేవారి తిండి, రానుపోను చార్జీలు, పోయిన కూలి, ఇంటికెళ్లాక ఆరు నెలల మందులు. వీటికి చందా ఎవరూ అడగరు, ఎందుకంటే ఫొటో బాగుండదు. పథకంలో లేని జబ్బయితే అంచనా కాగితం తీసుకుని డబ్బు ఆసుపత్రి ఖాతాకే పంపాలి.

మూడోది ఒక్కరికి ఎంత పడుతుంది, దానివల్ల ఏం మారుతుంది అన్న లెక్క. దగ్గరి చూపు అద్దాలను ఉదాహరణగా తీసుకుందాం. నలభై దాటాక సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతుంది. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన దాదాపు 750 మంది మీద చేసిన పరీక్ష 2018లో వెలువడింది. అద్దాలిచ్చినవారి రోజువారీ ఆకు కోత, ఇవ్వనివారితో పోలిస్తే దాదాపు 5 కిలోలు ఎక్కువ పెరిగింది. అద్దాల ధర కొన్ని వందల్లోపే. పోచంపల్లి, మంగళగిరి, వెంకటగిరి నేతగాళ్లకు, ప్రతి ఊళ్లో ఉండే దర్జీలకు, బీడీలు చుట్టే ఆడవాళ్లకు కంటిచూపే కూలి. మరి మన శిబిరాల్లో జరిగేదేమిటి? ఒకే నంబరు అద్దాలు డబ్బా నిండా తెచ్చి వరసగా పంచేస్తారు. నంబరు కలవక తలనొప్పి వచ్చి అవి గూట్లోకి చేరతాయి. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి దగ్గరి అక్షరాల పట్టికతో చూసి నంబరు తేల్చాలి. శుక్లం, షుగరు వల్ల వచ్చే కంటి జబ్బు అనుమానం ఉన్నవారిని అద్దాలిచ్చి పంపేయకుండా కంటి ఆసుపత్రికి రాసివ్వాలి. సంస్థను అడిగేటప్పుడు ఎన్ని అద్దాలిచ్చారని కాక, మూడు నెలల తర్వాత ఎందరు పెట్టుకుంటున్నారో చూశారా అని అడగాలి.

ఇక మోటారు ఉన్న దేన్నయినా ఇచ్చే ముందు రెండుసార్లు ఆలోచించండి. నీటిశుద్ధి ప్లాంటు ప్రారంభోత్సవం ఒక్కరోజు. ముందు ఫిల్టర్లు కొన్ని నెలలకోసారి, మెంబ్రేన్ (నీటిని వడగట్టే పొర) రెండు మూడేళ్లకోసారి మార్చాలి. కరెంటు బిల్లు, నడిపేవాడి జీతం ప్రతి నెలా. వదిలే ఉప్పునీరు ఎక్కడికి పోతుందో ఎవరూ ఆలోచించరు, అది వీధి కాలువలో నిలుస్తుంది. ఖర్చులో కనీసం నాలుగో వంతు మరమ్మతుకు పక్కన పెట్టలేకపోతే, పంచాయతీ నిర్వహణ బాధ్యత తీసుకుంటూ తీర్మానం చేయకపోతే, ఆ ప్లాంటు ఇవ్వకపోవడమే మంచిది.

సమావేశం గంటకు మించకూడదు. లెక్కలకు పది నిమిషాలు, సంస్థ పరిశీలనకు అరగంట, పాత దానాల సమాచారానికి మిగిలిన సమయం. ఒక చిన్న చిట్కా పెద్ద పని చేస్తుంది: చర్చకు ముందే ప్రతి ఒక్కరూ చీటీ మీద తమ అభిప్రాయం రాసివ్వాలి. మన దగ్గర పెద్దాయన ‘బాగుందయ్యా’ అన్నాక మిగతావారు తలూపుతారు, అడగాలనుకున్న ప్రశ్న గొంతులోనే ఉండిపోతుంది. చీటీలు ముందే రాస్తే ఆ ప్రశ్న బయటికొస్తుంది. తమ బంధువుల సంస్థను ప్రతిపాదించినవారు ఆ ఓటులో పాల్గొనకూడదని మొదటి రోజే రాసుకోవాలి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అవుతుందని నవ్వుతూ చెబితే ఎవరికీ బాధ ఉండదు, గొడవ వచ్చాక చెబితే బృందం చీలుతుంది. పార్టీ, కులం, ఎన్నికల పేరు మీద ఒక్క దానం జరిగినా సగం మంది మళ్లీ రారు.

ఇచ్చిన ఆరు నెలలకు ఇద్దరు వెళ్లి చూడాలి. ముందే చెప్పి వెళ్లినా పర్వాలేదు. చూసింది పుస్తకంలో ఒక పేజీ రాయాలి, అనుకున్నట్టు జరగకపోతే అది కూడా. ఆ పుస్తకం లేని బృందంలో సభ్యులు మెల్లగా జారిపోతారు. డబ్బు భారమై కాదు, ఇచ్చిందేమైందో తెలియక.

సభ్యులు ఇరవై దాటితే రెండు బృందాలు చేయాలి, పుస్తకం నకలు రెండో బృందానికి ఇవ్వాలి. కొత్తవారిని వాట్సాప్ ఫార్వర్డ్‌తో పిలవకండి. ఒక్కో సభ్యుడు మూడు నెలలకు ఒకరిని తీసుకొస్తే చాలు. ఆ వచ్చినవారు రెండు సమావేశాలు డబ్బివ్వకుండా కూర్చుని చూడాలి. ఏటా అక్టోబరు 2 నుంచి 8 వరకు దేశమంతా జరిగే దాన్ ఉత్సవ్ కొత్తవారికి తలుపు తీయడానికి మంచి వారం.

విదేశాల్లోని మనవాళ్ల గురించి ఒక మాట తప్పదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చేది) ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీ దాతలే. వారి డబ్బు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదున్న సంస్థే, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ దాన్ని ఇంకో సంస్థకు మళ్లించకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. పూర్వ విద్యార్థుల సంఘాలు ‘మా బావమరిది ఖాతాకు వేస్తాం, మీరు బడికి ఇచ్చేయండి’ అంటుంటాయి. ఆ సాయం ఒప్పుకున్న బావమరిది చిక్కుల్లో పడతాడు, బడీ పడుతుంది.

సంపాదకులకు మా మనవి ఇది. దానం వార్త వేసినప్పుడు మీ విలేకరి నాలుగు సంగతులు అడిగి రాయాలి: మొత్తం ఖర్చెంత, ఒక్కరికి ఎంత పడింది, ఇదే సాయానికి ప్రభుత్వ పథకం ఉందా, పాడైతే బాగుచేసేది ఎవరు. పుచ్చుకునేవారి ముఖాలు ఫొటోలో కనిపించనక్కర్లేదు, ముఖ్యంగా పిల్లలవి. జూన్‌లో వార్త వేసిన బడికే డిసెంబరులో మీ విలేకరి మళ్లీ వెళ్లి, ఏమైందో అదే పేజీలో, అంతే జాగాలో రాయాలి.

భవదీయులు,
దాతల బృందాల లెక్కలు చూసే కొందరు పాఠకులు